ప్రాణం నిలిపిన సూది, అడుగు తడబడిన నడక



ఈ ప్రత్యేక సంచికకు మన కాలపు ఆరోగ్య చరిత్రపై ఏదైనా వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. ఆరోగ్యశాఖలో నా సర్వీసు చాలామటుకు క్షయ నివారణ పనిలోనే గడిచింది. కనుక ఆ రోగాన్ని లొంగదీసిన ఒక సూదిమందు కథ చెబుదామనుకున్నాను. ఆ మందు పేరు స్ట్రెప్టోమైసిన్. మన కోనరావుపేట, వేములవాడ, సిరిసిల్ల వైపు పాతతరం వారు దానిని 'టీబీ సూది' అనే గుర్తుపెట్టుకున్నారు. ఆ సూది ఎందరినో బతికించింది. బతికినవారిలో కొందరికి మాత్రం రాత్రిపూట గోడ పట్టుకోకుండా నడవలేని స్థితి మిగిల్చింది. ఇంట్లోవాళ్ళు దాన్ని నీరసం అన్నారు. పక్కింటివాళ్ళు ముసలితనం అన్నారు. ఊళ్ళో కొందరు "కల్లు ఎక్కువైంది" అని నవ్వారు. అసలు కారణం చెవిలో ఉన్నదని చెప్పినవారు తక్కువ. ఆ కారణం వైద్యశాస్త్రానికి 1945 నాటికే తెలుసు. తెలిసిన సంగతి రోగి దాకా ఎందుకు రాలేదు, ఇప్పుడు మనం ఏం తెలుసుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

మట్టిలో దొరికిన మందు

మన తాతల కాలంలో క్షయ అంటే చావుకబురే. మంచి గాలి, మంచి తిండి, పడక విశ్రాంతి తప్ప వేరే చికిత్స లేదు. తెలుగునాట మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంను డెన్మార్క్ దేశస్థుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నడిపించారు. నిజాం రాజ్యంలో వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండ పేరు ఎంతోమంది క్షయ రోగుల నోట వినిపించేది. హైదరాబాదు ఎర్రగడ్డలో ఒక నవాబు గారి ఇర్రంనుమా మహలే ఛాతీ రోగుల ఆసుపత్రి అయింది. అంత దూరం పోగలిగినవాడు అదృష్టవంతుడు. పోయినా అక్కడ దొరికేది ఎక్కువగా గాలి, పాలు, గుడ్లు, ఓపిక.

1943 అక్టోబరులో అమెరికాలోని రట్‌గర్స్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ షాట్జ్ అనే యువ పరిశోధకుడు మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి కొత్త మందు తీశాడు. అతని ఆచార్యుడు సెల్మన్ వాక్స్‌మన్. ఆ సూక్ష్మజీవిలో రెండు రకాలు దొరికాయి. ఒకటి ఎరువు వేసిన పొలం మట్టిలోనిది, రెండోది ఒక కోడి గొంతులో నుంచి తీసినది. దానినుంచి వచ్చినదే స్ట్రెప్టోమైసిన్. పెన్సిలిన్‌కు లొంగని క్షయ క్రిములు దీనికి లొంగాయి. 1944 నవంబరులో మిన్నెసోటా రాష్ట్రంలో తొలిసారిగా ఒక క్షయ రోగికి ఈ మందు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆమె కోలుకుంది. 1952లో వాక్స్‌మన్ గారికి నోబెల్ బహుమతి వచ్చింది. షాట్జ్‌కు రాలేదు. ఆ తగవు కోర్టు దాకా వెళ్ళడం వేరే కథ.

మేయో క్లినిక్ పరిశోధకులు హిన్షా, ఫెల్డ్‌మన్ ఆ తొలి రోగులను జాగ్రత్తగా గమనించి 1945లోనే వ్రాశారు: ఈ మందు తీసుకున్నవారిలో కొందరికి శరీరపు తూకం దెబ్బతింటోంది, లోపలి చెవిలోని సమతూక భాగానికి హాని కలుగుతోంది అని. అంటే మందు బజారుకు రాకముందే దాని దోషం కూడా కాగితం మీదికి ఎక్కింది.

1948 శరత్కాలం

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. అప్పటికి మన కోనరావుపేట కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లె. ఆ తర్వాత ఆరు వారాలకు, అక్టోబరు 30న, లండన్ నుంచి వెలువడే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక నివేదిక అచ్చయింది. మన వాళ్ళెవరూ ఆనాడు దానిని చదివి ఉండరు. కానీ తర్వాతి కాలంలో మన ఇళ్ళలోకి వచ్చిన టీబీ సూదికి పునాది అక్కడే ఉంది.

యుద్ధం ముగిసి అప్పులపాలైన బ్రిటన్ దగ్గర ఈ మందు కొనడానికి డాలర్లు చాలలేదు. ఉన్న కొద్ది మందును ఎవరికివ్వాలి? గణాంక శాస్త్రజ్ఞుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫోర్డ్ హిల్ సలహాతో, ఎవరి ఇష్టాయిష్టాలకూ తావు లేకుండా చీటీల పద్ధతి లాంటి ఏర్పాటుతో రోగులను రెండు జట్లుగా విడదీశారు. మొత్తం 107 మంది. 55 మందికి పడక విశ్రాంతితో పాటు రోజుకు 2 గ్రాముల స్ట్రెప్టోమైసిన్, నాలుగు నెలలపాటు. మిగిలిన 52 మందికి పడక విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలు తిరిగేసరికి విశ్రాంతి జట్టులో 14 మంది చనిపోయారు, మందు జట్టులో నలుగురే చనిపోయారు. నేటికీ కొత్త మందులను పరీక్షించే పద్ధతికి ఈ పరీక్షనే ఆదర్శంగా చెబుతారు.

అదే నివేదికలో ఇంకొక అంకె ఉంది. మందు తీసుకున్న 55 మందిలో 36 మందికి తల తిరుగుడు కలిగింది. ఎక్కువగా నాలుగో ఐదో వారంలో మొదలైంది. నలుగురు, పద్నాలుగురు అన్న అంకెలు ప్రపంచమంతా పాకాయి. ముప్పై ఆరు అన్న అంకె వైద్య గ్రంథాల్లోనే ఉండిపోయింది. ఆనాటి వైద్యుల దృష్టిలో ఇది సహజమే. చావు గుమ్మంలో ఉన్నవాడిని లేపి కూర్చోబెట్టినప్పుడు "కాస్త తల తిరుగుతుంది" అన్నది చిన్నమాటే. కానీ కూర్చున్నవాడు లేచి నడవాలి, మరో నలభై ఏళ్ళు నడవాలి. ఆ నడక సంగతి ఎవరూ వెంట వచ్చి చూడలేదు.

చెవిలోని రసమట్టం

ఇల్లు కట్టే మేస్త్రీ గోడ తిన్నగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూస్తాడు. మన తలలోనూ రెండువైపులా రసమట్టాలు ఉన్నాయి. చెవి అనగానే వినికిడే గుర్తుకు వస్తుంది. కానీ లోపలి చెవిలో వినికిడికి నత్తగుల్ల లాంటి భాగం ఒకటి ఉంటే, తూకానికి ఒక్కొక్క వైపు ఐదు భాగాలు ఉన్నాయి. మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు తల తిరగడాన్ని పసిగడతాయి. రెండు చిన్న సంచులు తల వంగడాన్ని, ముందుకు వెనుకకు, పైకి కిందికి కదలడాన్ని పసిగడతాయి. ఆ సంచులలో సున్నపు రేణువులు ఉంటాయి. తల వంగితే అవి ఒకవైపు జరుగుతాయి.

ఈ భాగాలన్నింటిలో పనిచేసేవి రోమ కణాలు. ఒక్కొక్క కణం తలపై సన్నటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. తల కదిలితే లోపలి ద్రవం కదిలి కుచ్చు వంగుతుంది. వంగితే దాని కొసలలోని సన్నటి ద్వారాలు తెరుచుకుంటాయి, మెదడుకు కబురు వెళుతుంది. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి మందులు సరిగ్గా ఈ ద్వారాలలోంచే కణంలోకి దూరుతాయి. లోపలికి వెళ్ళినది అంత తేలికగా బయటకు రాదు. సూది ఆపిన తర్వాత కూడా నెలల తరబడి అక్కడ ఉండిపోగలదు. అందుకే కొందరికి సూదులన్నీ అయిపోయాక, ఇంటికి వెళ్ళాక బాధ బయటపడుతుంది.

క్రిములను చంపే మందు మన కణాన్ని ఎందుకు చంపుతుంది? ఈ మందులు క్రిమిలో ప్రొటీన్లు తయారయ్యే యంత్రాన్ని చెడగొడతాయి. మన కణాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగాలు కోట్ల ఏళ్ళ క్రితం సూక్ష్మజీవుల నుంచి వచ్చినవే. వాటిలోని యంత్రం క్రిముల యంత్రాన్ని పోలి ఉంటుంది. పోలిక వల్ల అక్కడా దెబ్బ తగులుతుంది. కణంలో విషపు ఆక్సిజన్ రూపాలు పెరిగి చివరికి కణం చనిపోతుంది. మూత్రపిండాల కణాలూ ఈ మందును పీల్చుకొని దెబ్బతింటాయి, కానీ అవి చాలావరకు తిరిగి పుడతాయి. చెవిలోని రోమ కణాలకు ఆ భాగ్యం లేదు. కోళ్ళలో, ఇతర పక్షులలో అవి తిరిగి మొలుస్తాయని 1988లో శాస్త్రజ్ఞులు చూపించారు. పెద్ద వయసు మనిషిలో పోయిన తూకం తిరిగి వచ్చేలా అవి మొలిచే దారి మాత్రం ఇంకా చేతికి రాలేదు.

ముక్కాలిపీట

మనిషి నిలబడటం ముక్కాలిపీట లాంటిది. ఒక కాలు చెవి. ఒక కాలు కన్ను. ఒక కాలు పాదాల స్పర్శ. చెవి అనే కాలు విరిగినా పగటివేళ, గట్టి నేల మీద మిగిలిన రెండు కాళ్ళూ బరువు మోస్తాయి. అందుకే అటువంటి మనిషి ఆసుపత్రిలో డాక్టరు ముందు చక్కగా నడుస్తాడు. రాత్రి దీపం ఆరితే కన్ను పోతుంది. పొలం గట్టు మీద, ఇసుకలో, బురదలో పాదం పోతుంది. రెండూ కలిస్తే పడిపోవడమే.

రెండు చెవులూ సమానంగా దెబ్బతింటాయి కనుక గదంతా గిర్రున తిరిగే తిప్పుడు చాలామందికి ఉండదు. తూలుడు ఉంటుంది. రెండో లక్షణం చూపుకు సంబంధించినది. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఈ పత్రికను కదలకుండా పట్టుకొని తలను అటూ ఇటూ వేగంగా ఊపండి. అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. ఇప్పుడు తలను కదపకుండా పత్రికను అంతే వేగంగా ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. మొదటిసారి అక్షరాలను నిలబెట్టినది చెవి. తల ఎటు కదిలితే కళ్ళను దానికి ఎదురు దిక్కుకు అంతే దూరం తిప్పమని చెవి క్షణంలో ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆజ్ఞ ఆగిపోయినవాడికి నడిచేటప్పుడు లోకమంతా ఎగురుతూ ఉంటుంది. ఎదురుగా వచ్చే బంధువు ముఖం ఆనవాలు పట్టలేడు. ఆగితే గానీ బస్సు బోర్డు చదవలేడు.

1952లో ఒక అమెరికన్ వైద్యుడు బోస్టన్‌లోని ప్రసిద్ధ వైద్యపత్రికలో తన అనుభవాన్నే, పేరు పూర్తిగా వేయకుండా పొడి అక్షరాలతో, వ్రాశాడు. మోకాలి క్షయకు స్ట్రెప్టోమైసిన్ తీసుకొని తూకం పోగొట్టుకున్నాడు. మంచం మీద పడుకొని చదువుదామంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా తల కదిలి అక్షరాలు ఎగిరేవట. చివరికి మంచం తలవైపు కమ్మీల మధ్య తల ఇరికించి చదివాడట. చదువుకున్న వైద్యుడు కనుక తన స్థితిని మాటల్లో పెట్టగలిగాడు. మన మగ్గం కార్మికుడికి, బీడీలు చుట్టే తల్లికి ఆ మాటలు ఎవరు ఇచ్చారు?

మన ప్రాంతానికి వచ్చిన సూది

మన దేశంలో పుణె దగ్గర పింప్రిలో ప్రభుత్వం వారి హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ కర్మాగారం 1954లో ఏర్పడింది. మొదట పెన్సిలిన్, 1960ల ఆరంభంలో స్ట్రెప్టోమైసిన్ తయారయ్యాయి. 1956లో మద్రాసులో ప్రారంభమైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఇంటి దగ్గర మందు వాడినా శానిటోరియంలో వాడినంత ఫలితం ఉంటుందని 1959లో నిరూపించింది. అదే కేంద్రం 1964లో స్ట్రెప్టోమైసిన్‌ను వారానికి రెండే సార్లు ఇచ్చినా పనిచేస్తుందని చూపించింది. ఇది చిన్న సంగతి కాదు. సూదుల లెక్క తగ్గితే చెవికి చేరే మందు మొత్తం తగ్గుతుంది. 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం వచ్చింది. సూది జిల్లా కేంద్రాలకు, అక్కడినుంచి పల్లెలకు నడిచింది.

ఒక్క స్ట్రెప్టోమైసిన్ చాలదని అప్పటికే తెలిసింది. లండన్ పరీక్షలో బాగుపడినవారిలో పలువురికి క్రిములు మందుకు అలవాటుపడి జబ్బు తిరగబెట్టింది. అందుకే పాస్, 1952లో వచ్చిన ఐసోనియాజిడ్ వంటి మందులను దానితో కలిపి ఇచ్చారు. రిఫాంపిసిన్ వచ్చాక సూది అవసరం తగ్గింది. అయినా జబ్బు తిరగబెట్టిన వారికి, మధ్యలో మందు మానినవారికి సూది తప్పలేదు. 1997లో మొదలై 2006 నాటికి దేశమంతా విస్తరించిన సవరించిన కార్యక్రమంలో వారికి రెండు నెలల్లో 24 సూదులు ఇచ్చేవారు. మోతాదు 0.75 గ్రాము. 50 ఏళ్ళు దాటినవారికి 0.5 గ్రాము. ఈ తగ్గింపులోనే అసలు రహస్యం ఉంది. వయసు పెరిగితే మూత్రపిండాల పని తగ్గుతుంది. ఈ మందు బయటకు పోయే దారి మూత్రమే. పోవలసినది పోకపోతే చెవి మీద పడుతుంది. కాగితం మీద అది ఒక అంకె మాత్రమే. ఆ అంకె వెనుక ఉన్న కారణం రోగికి చెప్పే ఏర్పాటు లేదు.

సిరిసిల్ల ప్రాంతంలో మరమగ్గాల షెడ్లు, కోరుట్ల, జగిత్యాల వైపు ఇంటింటా బీడీలు చుట్టడం, పని కోసం భీవండి, సూరత్, షోలాపూర్ పోయి రావడం — ఇరుకు గదులు, దుమ్ము, అరకొర తిండి క్షయకు అనువైన చోట్లు. నా సర్వీసులో ఎన్నో ఇళ్ళకు వెళ్ళాను. ఒక బీడీ కార్మికురాలు కోర్సు పూర్తయి, కళ్లె పరీక్ష బాగా వచ్చి, బరువు పెరిగి కూడా నాతో అన్న మాట ఇది: "సారూ, పగటిపూట మంచిగనే ఉంట. కరెంటు పోతే గోడ దొరుకతలేదు." ఆమెకు వినికిడి బాగానే ఉంది. ఇంట్లో ఉన్న పెద్దాయన "దానికి భయం పట్టుకున్నది సారూ" అన్నాడు. ఆమెకు పట్టుకున్నది భయం కాదు. మేం నింపే కార్డులలో కళ్లె ఫలితానికి గడి ఉండేది, బరువుకు గడి ఉండేది, సూదుల లెక్కకు గడి ఉండేది. చీకట్లో నడవగలుగుతున్నారా అన్నదానికి ప్రత్యేకంగా గడి లేదు.

మగ్గం కార్మికులలో ఇంకొక చిక్కు. మరమగ్గాల చప్పుడుకు వినికిడి ఎలాగూ తగ్గుతుంది. కనుక చెవి బాధ అనగానే "మగ్గం చెవుడు" అని తేల్చేసేవారు. తూలుడు చెవి నుంచి వస్తుందన్న ఆలోచనే రాకపోయేది. బావుల్లో ఈతకు దిగే వయసు పిల్లల విషయంలో ఇది మరీ ప్రమాదం. నీటిలో మునిగినప్పుడు పాదానికి నేల లేదు, కంటికి వెలుగు లేదు. పైకి ఏది, కిందికి ఏది అని చెప్పేది చెవి ఒక్కటే. తూకం పోయినవారు లోతు నీటిలో దిగకూడదు.

చెవులు మార్చిన మందులు

శాస్త్రజ్ఞులు చేతులు కట్టుకొని కూర్చోలేదు. 1946లో స్ట్రెప్టోమైసిన్‌ను కొద్దిగా మార్చి డైహైడ్రోస్ట్రెప్టోమైసిన్ తయారుచేశారు. తూకం తక్కువ చెడుతుందని సంబరపడ్డారు. కొన్నేళ్ళకే అది వినికిడిని చెడగొడుతోందని, అదీ మందు ఆపిన కొన్ని వారాలకు బయటపడుతోందని తెలిసింది. తూకాన్ని కాపాడబోతే వినికిడి పోయింది. 1949లో నియోమైసిన్, 1957లో జపాన్ నుంచి కానమైసిన్ వచ్చాయి. ఇవి ఎక్కువగా వినికిడి మీద పడతాయి. 1963లో వచ్చిన జెంటామైసిన్ మళ్ళీ ఎక్కువగా తూకం మీద పడుతుంది. అన్నీ ఒకే కుటుంబం మందులు. దెబ్బ తగిలే గది మాత్రం మారుతుంది.

ఈ దోషాన్నే ఒక వైద్యుడు చికిత్సగా వాడాడు. మెనియర్ వ్యాధి అనే జబ్బులో ఒక చెవి లోపం వల్ల భరించలేని తిప్పుడు వస్తూ ఉంటుంది. హెరాల్డ్ షుక్‌నెక్ట్ అనే అమెరికన్ వైద్యుడు 1950లలో స్ట్రెప్టోమైసిన్‌ను చెవి లోపలికి పంపి ఆ చెడ్డ రసమట్టాన్ని కావాలనే పనిచేయకుండా చేశాడు. ఇప్పుడు కొన్ని సందర్భాల్లో జెంటామైసిన్‌తో అదే పని చేస్తున్నారు. తూకాన్ని చంపడంలో ఈ మందులకున్న శక్తి గురించి వైద్యులకు ఎంత స్పష్టంగా తెలుసో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

1993లో మరో సంగతి బయటపడింది. కొన్ని కుటుంబాలలో తల్లి ద్వారా వచ్చే మైటోకాండ్రియాలో ఒక చిన్న మార్పు ఉంటే, కొద్దిపాటి సూదికే వినికిడి పోవచ్చు. కనుక మేనమామకో, అమ్మమ్మకో, తోబుట్టువుకో సూది తర్వాత చెవుడు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇది తల్లి వైపు నుంచి వచ్చేది, తండ్రి వైపు నుంచి రాదు.

సూది వెళ్ళిపోతున్న కాలం

ఇంతకాలానికి క్షయ చికిత్సలో సూది వెనుకకు తగ్గింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తిరగబెట్టిన రోగులకు స్ట్రెప్టోమైసిన్ కలిపిన పాత పద్ధతి ఇక వద్దని చెప్పింది. మన దేశమూ దానిని విడిచిపెట్టింది. మొండి క్షయకు నెలల తరబడి ఇచ్చిన కానమైసిన్ సూదిని 2018లో ఆ సంస్థే పక్కన పెట్టమంది. 2022లో ఆరు నెలల మాత్రల పద్ధతిని సిఫారసు చేసింది. మన కేంద్ర ఆరోగ్యశాఖ 2024 సెప్టెంబరులో దానికి అనుమతి ఇచ్చింది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మన రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఈనాడు కొత్తగా క్షయ వచ్చిన మనుమడు సాధారణంగా మాత్రలతోనే నయమవుతాడు. తాత పడిన బాధ వాడికి లేదు. ఇందుకు సంతోషించాలి.

కానీ ఆ కుటుంబం మందులు ఊరు విడిచిపోలేదు. జెంటామైసిన్, అమికాసిన్ నేటికీ విలువైన మందులే. పుట్టిన బిడ్డకు రక్తంలో విషక్రిములు చేరితే జెంటామైసిన్ ప్రాణం నిలుపుతుంది. పెద్దలకు తీవ్రమైన మూత్ర సంబంధ జ్వరాలలో, ఆపరేషన్ల తర్వాత అవసరమవుతుంది. ప్రమాదంలో ఉన్నప్పుడు డాక్టరు ఇస్తానన్న సూదిని వద్దనవలసిన పని లేదు. చిక్కు ఎక్కడంటే, చౌకగా దొరుకుతుందని, చిన్న జ్వరానికి, దగ్గుకు, పుండుకు లెక్కలేకుండా పొడిపించుకోవడంలో ఉంది. మన వయసులో ఇది మరీ చేటు. మూత్రపిండాలు నెమ్మదించి ఉంటాయి. చక్కెర జబ్బుతో పాదాల స్పర్శ తగ్గి ఉంటుంది. శుక్లాలతో చూపు మసకబారి ఉంటుంది. ముక్కాలిపీటలో రెండు కాళ్ళు ఇప్పటికే వదులైనవి. మూడోది కూడా పోతే ఆ పతనం తుంటి ఎముక దగ్గర ఆగుతుంది.

పెన్షనర్లు గుర్తుంచుకోవలసినవి

ఒకటి. సూది వేయబోయేటప్పుడు దాని పేరు అడగండి. చీటీ మీద వ్రాయించుకోండి. 'యాంటీబయాటిక్' అంటే చాలదు.

రెండు. అది జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటిదైతే ఎన్ని రోజులని అడగండి. మూత్రపిండాల పరీక్ష అయిందా, దీనికి బదులు వేరే మందు పనికొస్తుందా అని మర్యాదగానే అడగండి. లాసిక్స్ వంటి మూత్రం ఎక్కువగా పోయే మందు వాడుతుంటే చెప్పండి. రెండూ కలిస్తే చెవికి ముప్పు పెరుగుతుంది.

మూడు. సూదులు నడుస్తున్నప్పుడు గానీ, ఆపిన కొన్ని వారాలలో గానీ చీకట్లో తూలుడు, నడుస్తుంటే చూపు ఎగరడం, చెవిలో హోరు, వినికిడి తగ్గడం కనిపిస్తే ఆ రోజే చెప్పండి. 'నీరసం' అనకండి. ఏం జరుగుతున్నదో అదే చెప్పండి: "దీపం ఆరితే పడిపోతున్నాను, నడుస్తుంటే బోర్డు చదవలేకపోతున్నాను."

నాలుగు. వినికిడి పరీక్ష బాగా వచ్చినంత మాత్రాన తూకం బాగున్నట్టు కాదు. తలను చటుక్కున పక్కకు తిప్పి కళ్ళు నిలుస్తున్నాయా అని చూసే పరీక్షను 1988లో ఆస్ట్రేలియా పరిశోధకులు హాల్మాగీ, కర్తోయిస్ వివరించారు. యంత్రం లేకుండానే చెవి డాక్టరు చేయగలరు.

ఐదు. కర్ణభేరికి రంధ్రం ఉండి చీము కారే చెవిలో జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు డాక్టరు చూడకుండా వేసుకోకండి. రంధ్రం గుండా లోపలి చెవికి చేరవచ్చు.

ఆరు. ఇప్పటికే తూకం పోయినవారు నిరాశ పడవద్దు. పోయిన కణం రాదు గానీ, మెదడు మిగిలిన రెండు కాళ్ళ మీద నిలబడటం నేర్చుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ రూపొందించిన తల, కళ్ళు, నడక వ్యాయామాలు నేటికీ ఫిజియోథెరపీలో నేర్పుతున్నారు. ఇటువంటి తూలుడుకు తల తిరుగుడు మాత్రలు పెద్దగా ఉపకరించవు. మత్తు కలిగించేవి ఎక్కువకాలం వాడితే మెదడు నేర్చుకోవడం ఆలస్యం కావచ్చు. వాడుతున్నవారు డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. రాత్రి మరుగుదొడ్డి దారిలో చిన్న దీపం, గోడకు ఒక కడ్డీ, చేతిలో కర్ర, కాలికి పల్చటి గట్టి అడుగున్న చెప్పు — ఇవి ఖర్చు తక్కువ, గుణం ఎక్కువ.

చివరగా కుటుంబ సభ్యులకు ఒక మనవి. మీ ఇంట్లో ఒకప్పుడు టీబీ సూదులు తీసుకున్న పెద్దలు ఉంటే, వాళ్ళు చీకటి పడ్డాక బయటికి రామంటే విసుక్కోకండి. పెళ్ళిళ్ళలో జనం మధ్య నడవడానికి జంకితే నలుగురిలో నవ్వకండి. ఎదురుగా వచ్చి పలకరించకుండా వెళ్ళిపోయారని నిష్ఠూరాలాడకండి. నడుస్తుండగా మీ ముఖం వాళ్ళకు కనిపించి ఉండదు. చేయి పట్టుకోండి, ఆగి పలకరించండి. ఒకసారి చెవి డాక్టరుకు చూపించి, పాత సూదుల సంగతి చెప్పండి. తనకున్నది భయమో, ముసలితనమో, మరే చెడు అలవాటో కాదని, ఫలానా మందు వల్ల ఫలానా చోట దెబ్బ తగిలిందని తెలిస్తే ఆ మనిషికి సగం భారం దిగుతుంది. ఆ సూది వారిని మనకు మిగిల్చింది. వారి అడుగుకు తోడుండటం ఇక మన వంతు.

ఇట్లు,
విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు,
కోనరావుపేట